దుప్పటి కొస

"సంచిలో వేసి జిప్పు లాగడానికి పిల్లేమన్నా కూరగాయలా?" అంది అత్తగారు.

బట్టలు మడత పెడుతున్న కోడలి చేతులు ఆగలేదు. ఏడు నెలల పిల్ల ఉన్న ఇంట్లో మాట పడ్డ ప్రతిసారీ చేతులు ఆపుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి సగం బట్టలు తీగ మీదే ఉంటాయి. ఒడిలో ఉన్న సంచిని మాత్రం రెండోసారి మడిచింది. బూడిద రంగు నూలు సంచి. చేతులు బయటికి పెట్టుకోవడానికి పైన రెండు కంతలు, మెడ దగ్గర్నుంచి పాదాల దాకా జిప్పు, కింద మూసేసి ఉంటుంది. పిల్లని అందులో పడుకోబెడితే కాళ్లు ఎంత ఆడించినా కప్పుకున్నది ఊడిపోదు, మొహం మీదికి రాదు. దాని గొప్పతనం అంతవరకే. ఆ మాత్రం దానికి ఇంట్లో వారం రోజులుగా పంచాయితీ నడుస్తోంది.

పంచాయితీలో అవతలి పక్షం ఒక పసుపు రంగు ఉన్ని దుప్పటి. కోడలు కడుపుతో ఉన్నప్పుడు అత్తగారు రెండు నెలలు కిటికీ పక్కన కూర్చుని అల్లింది. అంచు చుట్టూ చిన్న చిన్న అలలు. వచ్చిన వాళ్లందరూ దాన్ని ముట్టుకుని చూసి మెచ్చుకున్నారు. ఒక్క పిల్లకే నచ్చలేదు. కప్పిన పావుగంటలో తన్నేస్తుంది. మళ్లీ కప్పితే ఈసారి రెండు గుప్పిళ్లతో పట్టుకుని పైకి లాక్కుంటుంది. కిందటి నెలలో ఓ రాత్రి ఎందుకో ఉలిక్కిపడి లేచి చూస్తే ఆ పసుపు అలలు పిల్ల ముక్కు మీద ఉన్నాయి. ఏమీ కాలేదు. తీసేస్తే పిల్ల తుమ్మి, అటు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి ఆమెది మాత్రం నిద్ర కాదు, కాపలా. రాత్రికి అయిదుసార్లు, ఆరుసార్లు లేవడం. దుప్పటి కాళ్ల దగ్గరుంటే చలేస్తుందేమోనని, మెడ దగ్గరుంటే మీదికొస్తుందేమోనని. సరిగ్గా నడుం దగ్గర ఉన్నా నమ్మకం లేక ఇంకాసేపు కూర్చోవడం.

మంచానికి అవతలి పక్క భర్త నిద్ర వేరే. ఆయన లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. ఎక్కడ ఏ భవనంలో లిఫ్టు ఆగినా ఫోను ఆయనకే వస్తుంది. తలగడ పక్కన చిన్న బల్ల, దాని మీద ఫోను. అది మోగడం కూడా అక్కర్లేదు, గుర్రుమంటే చాలు, ఆయన లేచి కూర్చుంటాడు. చీకట్లోనే చాలా నెమ్మదిగా, చాలా దయగా మాట్లాడతాడు. "భయపడకండి. తలుపు తోయకండి. గాలి ఆడుతూనే ఉంటుంది. మనిషి బయల్దేరాడు." ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఆయన అంత ముద్దుగా మాట్లాడుతుంటే, తొట్టి పక్కన ఒంటికాలి మీద నిలబడి పిల్లని జోకొడుతున్న ఆమెకి, తను కూడా ఏ మూడో అంతస్తుకో నాలుగో అంతస్తుకో మధ్య ఇరుక్కుంటే బాగుండునని అనిపించేది. పిల్ల ఏడిస్తే మాత్రం ఆయనకి వినబడదు. "నిజంగా వినబడలేదే, లేపొచ్చుగా" అంటాడు పొద్దున కాఫీ తాగుతూ. మంచి మనిషే. ఆయన చెవుల్లో కూడా ఏ లోపమూ లేదు. ఆమె ఒకసారి డాక్టర్ని అడిగింది కూడా.

సెలవు అయిపోయి ఆమె తిరిగి కళ్లజోళ్ల షాపులో చేరి నెల దాటింది. అద్దాలు అరగదీసి ఫ్రేముకి బిగించే బల్ల ఆమెది. ఆ బల్ల దగ్గరికి చేరడానికి ఆరేళ్లు పట్టింది. మొన్న ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు కొత్త కళ్లజోడు పెట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చి, "అమ్మా, నిన్నటి నుంచి మా ఇల్లు పక్కింటి మీదికి వాలుతోంది" అన్నాడు. చూస్తే కుడి కంటి అద్దం ఎడమ పక్క, ఎడమ కంటిది కుడి పక్క. ఆయన నవ్వేశాడు గానీ షాపు యజమాని నవ్వలేదు. "ఇంకోసారి ఇలా అయితే నిన్ను ముందు కౌంటర్లో కూర్చోబెట్టాల్సి వస్తుందమ్మా. అక్కడైతే నవ్వుతూ కూర్చుంటే చాలు" అన్నాడు. నిద్ర లేని మొహంతో నవ్వడం అద్దాలు బిగించడం కంటే కష్టమని ఆయనకి తెలియదు.

ఆ వారమే పిల్లకి టీకా వేయించడానికి వెళ్తే నర్సు ఆమె కళ్లకేసి చూసి, ముందు తల్లి సంగతి అడిగింది. తర్వాత సంచి సంగతి చెప్పింది. "వదులు దుప్పట్లు తొట్టిలో అసలు పెట్టకండి. సంచి పిల్ల కొలతకి సరిపోవాలి, మెడ వదులుగా ఉంటే లోపలికి జారిపోతుంది. చలిని బట్టి లోపల చొక్కా వేయండి. సంచి మీద మళ్లీ ఏమీ కప్పొద్దు." మర్నాడు భోజనం విరామంలో భోజనం మానేసి వెళ్లి సంచి కొనుక్కొచ్చింది.

మొదటి రాత్రి ఆమె రెండుసార్లే లేచింది, రెండూ పాలకే. తెల్లవారేసరికి ఒంట్లో ఏదో తేడాగా ఉంటే జ్వరమేమో అనుకుంది. కాసేపటికి తెలిసింది, అది నిద్రపోయిన ఒళ్లు. రెండో రోజు తెల్లవారుజామున పిల్ల గునుస్తుంటే లేచి చూస్తే మెడంతా చెమట. సంచి మీద పసుపు దుప్పటి, నాలుగు పక్కలా చక్కగా దోపి ఉంది. బాత్రూముకి లేచిన అత్తగారు మనసాగక కప్పి వెళ్లింది. ఆమె దుప్పటి తీసేసి పిల్ల ఒళ్లు తుడుస్తుంటే గుమ్మంలోకి వచ్చి, "చూశావా, ఆ సంచిలో ఎలా ఉడికిపోయిందో" అంది.

వారం చివరికి ఆయన తీర్పు చెప్పాడు. "ఎందుకొచ్చిన గొడవ. అమ్మ ముగ్గురిని పెంచింది. కొన్నాళ్లు దుప్పటే కప్పుదాం." కప్పుదాం అన్నప్పుడు ఆ మాటలో ఎంతమంది ఉన్నట్టో ఆమె అడగలేదు. అడగడానికి కూడా కాస్త నిద్ర కావాలి.

అది నిన్న. ఈ రోజు ఆదివారం, మధ్యాహ్నం. ఆయన ఎక్కడో లిఫ్టు తాడు చూడ్డానికి వెళ్లాడు. పిల్ల నేల మీద బోర్లాపడి తన నీడని పట్టుకోబోతోంది. ఆమె మడతలు పెడుతుంటే అత్తగారు దుప్పటి అంచులో ఊడిన ముడి సరిచేస్తూ, కూరగాయల మాట అని ఊరుకోలేదు.

"మాకేమైనా సంచులున్నాయా, జిప్పులున్నాయా. దుప్పటి కొస నా మణికట్టుకి కట్టుకుని పడుకునేదాన్ని. వాడు తన్నితే ఇక్కడ లాగేది. లేచి సర్దేదాన్ని. ముగ్గురికీ అంతే."

"ఎన్నాళ్లు అత్తయ్యా?"

"ఎన్నాళ్లేమిటి, ఒకళ్ల తర్వాత ఒకళ్లు. తొమ్మిదేళ్లు."

ఆమె మడత ఆపింది. ఈ రోజుకి మొదటిసారి.

"మరి మామయ్యగారు?"

"ఆయనకేం. పొద్దున్నే డ్యూటీ కదా."

"మీకు లేదా పొద్దున్నే?"

అత్తగారు ఎడమ మణికట్టుని కుడి చేత్తో రాసుకుంది, అక్కడేదో ఇంకా బిగుతుగా ఉన్నట్టు. దుప్పటితో చెబుతున్నట్టు అంది. "ఇప్పటికీ మూడింటికి మెలకువ వచ్చేస్తుందే అమ్మాయ్. ఎవ్వరూ లాగకపోయినా."

ఆ మాట విన్నాక ఆమెకి కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. వారం రోజులుగా ఇద్దరూ ఒక దుప్పటికి రెండు కొసలు పట్టుకుని లాక్కుంటుంటే, మధ్యలో వెచ్చగా పడుకున్న మనిషి తీర్పు చెప్పి లిఫ్టు తాడు చూడ్డానికి వెళ్లాడు. సంచి ఆ దుప్పటి పని చేస్తుంది. మరి పాలకి ఏడ్చినప్పుడు? పళ్లు వస్తున్నప్పుడు? ఊరికే, చీకట్లో ఎవరో ఒకళ్లు కావాలనిపించినప్పుడు? ఏ షాపులోనూ తండ్రి పని చేసే సంచి దొరకదు.

ఆమె లేచి పడగ్గదిలోకి వెళ్లింది. తొట్టి చక్రాల తాళం కాలితో తీసింది. ఏడు నెలలుగా తన వైపే ఉన్న తొట్టి మంచం చుట్టూ తిరగడానికి మొరాయించింది. గుమ్మంలో అత్తగారు నిలబడి చూసింది. ఏమిటని అడగలేదు. దారికి అడ్డంగా ఉన్న కొడుకు చెప్పులు కాలితో పక్కకి తోసింది. ఫోను పెట్టుకునే బల్ల ఖాళీ చేసి ఆమె తన తలగడ పక్కకి మార్చుకుంది. బల్ల ఉన్నచోట తొట్టి సరిగ్గా పట్టింది, అక్కడి కోసమే చేసినట్టు.

రాత్రి ఆయన వచ్చేసరికి పిల్ల సంచిలో ఉంది. జిప్పు అత్తగారు వేసింది, మెడ దగ్గర రెండు వేళ్లు దూర్చి బిగుతు చూసి మరీ. పసుపు దుప్పటి ఆవిడ భుజాల మీద ఉంది. తను అల్లింది తను కప్పుకోవడం బహుశా అదే మొదలు.

"ఇదేంటి, ఇటొచ్చింది?" అన్నాడాయన తొట్టిని చూసి.

"పాలసీసాలు, పొడి, గోరువెచ్చటి నీళ్ల ఫ్లాస్కు మీ పక్కన అరలో ఉన్నాయి. సంచి మీద ఏమీ కప్పకండి."

"నాకు వినబడదే, నీకు తెలుసుగా."

"దగ్గరగా ఉంటే వినబడుతుంది. ఫోను వినబడ్డంలా?"

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ దుప్పటిని భుజాల చుట్టూ ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "నేను పడుకుంటున్నా, నన్ను లేపకండి" అని తన గదిలోకి వెళ్లిపోయింది.

"మరి నా ఫోనో? రాత్రి ఎవరైనా ఇరుక్కుంటే?"

ఆమె అప్పటికే దుప్పటి మెడ దాకా కప్పుకుని కళ్లు మూసుకుంది.

"దాని సంగతి నేను చూసుకుంటా. భయపడకండి, తలుపు తోయకండి, మనిషి బయల్దేరాడు. ఏడు నెలలుగా మెలకువగా ఉండి వింటున్నదాన్నేగా, నాకు నోటికి వచ్చేసింది."