ఈత డబ్బాలు

వీరసముద్రం పేరుకే సముద్రం. నిజానికి అది పత్తిచేలకూ మిరపచేలకూ నడుమ, కొండ మొదట్లో పరుచుకున్న మంచినీటి చెరువు. అవతలి గట్టు కంటికి ఆనదు. వేసవిలో నీరు వెనక్కి జరిగితే ఇవతల తెల్లటి ఇసుక బయటపడుతుంది. సింగరాయకొండ దాకా పోయి ఉప్పు సముద్రం చూసొచ్చే స్తోమత లేని కూలి జనానికి అదే సముద్రం, అదే తీరం. ఎనభై నాలుగో సంవత్సరం మే నెలలో కూడా ఆ ఇసుక మీద తాటిముంజలు వలుస్తున్నారు, పుచ్చకాయలు పగలగొడుతున్నారు. పిల్లలు నీళ్లలో పడి కేరింతలు కొడుతున్నారు. చూసినవారికి కడుపు నిండిపోయేది. అమ్మలారా, అయ్యలారా, ఆ సంబరం నడిమధ్యన మృత్యువు కూర్చుని ఉందంటే మీరు నమ్మరు. దానయ్యా నమ్మలేదు.

దానయ్య క్రైస్తవపేటలో కాపురముంటాడు. చెంచురామయ్య గారి పత్తిచేలో పురుగుమందు కొట్టే కూలి. వీపున పంపు తగిలించుకుని, ముక్కుకు గుడ్డయినా లేకుండా, గాలికి ఎదురొచ్చే మందు తుంపరలో తడుస్తూ సాళ్ల వెంట నడవడం అతని పని. పత్తి వచ్చాక ఆసాములకు మేడలు లేచాయి. దానయ్య ఇంటికి వచ్చింది మాత్రం ఖాళీ అయిన మందు డబ్బాలే. "తీసుకుపోరా దానయ్యా, ఇంట్లో పనికొస్తాయి" అని చెంచురామయ్య గారు ఉదారంగా ఇచ్చేవారు. పేటలో ఏ గుడిసెలో చూసినా అవే డబ్బాలు. ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో చేలోకి పట్టుకెళ్లే మంచినీళ్లు. బూడిదతో తోమి, చింతపండుతో రుద్ది, రెండెండలు ఎండనిచ్చి, మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేవారు. వాసన పోయిందా, విషం పోయినట్టే. పేట మొత్తానికి ముక్కే డాక్టరు!

పూర్వం పిల్లలు ఎండు సొరబుర్రలు వీపున కట్టుకుని ఈత నేర్చుకునేవారు. పత్తి వచ్చి సొరపాదుల్ని కూడా మింగేసింది. దానికి ఉపాయం కనిపెట్టిన ఘనుడు దానయ్యే. మూత బిగించిన ఖాళీ డబ్బాలు రెండు జతచేసి తాడుతో వీపుకు కడితే బిడ్డ బెండులా తేలుతుంది. ఇంకేం! "మావా, నాకూ కట్టవా" అంటూ పేట పిల్లలంతా అతని గుమ్మం ముందు చేరారు. అడిగిన ప్రతి బిడ్డకూ కట్టాడు. పిల్లలంటే అతనికి ప్రాణం.

"ఆ డబ్బాలు తోముతుంటే నాకు చేతులు భగ్గున మండుతున్నాయయ్యా" అంది భార్య ఆదెమ్మ ఒకనాడు.

"చాల్లే ఊరుకోవే! ఏడాది పొడుగునా ఆ మందులోనే మునిగి తేలుతున్నా. నాకేమయింది, గుండ్రాయిలా లేనూ?"

ఏమయిందో అతనికి తెలియదు. ముద్ద కలిపేటప్పుడు వేళ్లు వణుకుతాయి. పొద్దువాలితే చూపు మసకేస్తుంది. ముప్పై అయిదేళ్లు నిండని మనిషి దాన్ని వయసు అనుకున్నాడు.

వేసవి సెలవుల్లో జయకుమారి టీచరు చర్చిలో పిల్లలకు బైబిలు బడి నడిపేది. చివరి రోజున అందర్నీ వీరసముద్రం ఇసుకకు తీసుకెళ్లడం ఆనవాయితీ. ఆ రోజు పొద్దున్నే పులిహోర మూటలతో పేట పేటంతా కదిలింది. పాటలయ్యాయి, వాక్యాలు ఒప్పచెప్పడమయింది. తరవాత పిల్లల్ని పట్టేవాళ్లు లేరు. డబ్బాలు కట్టించుకుని ధబధబా నీళ్లలో పడ్డారు. అందరికంటే ముందు దానయ్య కూతురు రెబ్కా. ఒక్కగానొక్క బిడ్డ, రెండో తరగతి.

ఎండ ముదిరింది. రెబ్కా గట్టుకొచ్చి, "నాన్నా, వీపంతా మంటగా ఉంది" అంది. డబ్బా మూత వదులై లోపలికి నీళ్లు చేరాయి. అవి తెల్లగా, పలచటి పాలలా ఆ పిల్ల వీపు మీదుగా కారుతున్నాయి. దానయ్య చూశాడు. చూసి కూడా, "తాడు ఒరుసుకుందిలే తల్లీ" అని మూత బిగించి మళ్లీ పంపాడు. అయ్యో, ఏమని చెప్పను! ప్రేమ ఉన్నంత మాత్రాన కళ్లుంటాయా?

కాసేపటికి రెబ్కా తూలుకుంటూ వచ్చి ఇసుకలో కూలబడింది. నోటి వెంట చొంగ, ఒంటి నిండా చెమట, కాళ్లూ చేతులూ గిలగిల కొట్టుకుంటున్నాయి. డబ్బాలు విప్పి పడేసి, నీళ్లు మింగిందేమోనని తలకిందులుగా పట్టుకున్నారు. మూర్ఛేమోనని చేతిలో తాళాలు పెట్టారు. జయకుమారి టీచరు మోకరించి ప్రార్థన చేసింది. ఆదెమ్మ గుండెలు బాదుకుంది. ఇసుక తోలే ట్రాక్టరు ఒకటి కనబడితే బిడ్డను అందులోకి ఎక్కించారు. కదిలేముందు దానయ్య వెనక్కి తిరిగి, "టీచరమ్మా, మిగతా పిల్లలు బెదురుతారు. మీరు ఆడిస్తూ ఉండండమ్మా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

రోడ్డు మీది ఊళ్లో ఆసుపత్రి. రాధాకృష్ణమూర్తి డాక్టరు గారు బిడ్డ కనురెప్ప ఎత్తి చూశారు. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది.

"పురుగుమందు తాగిందా?"

"లేదండీ! చెరువులో ఈతాడిందండి, అంతే."

డాక్టరు గారు సూది మీద సూది వేస్తూ బిడ్డను పక్కకు తిప్పారు. వీపున తాడు ఒరుసుకున్న చోట తోలు లేచిపోయింది. "ఇక్కడేం కట్టారు?" అని అడిగారు.

దానయ్య, "డబ్బాలండి... మందు డబ్బాలు... శుభ్రంగా కడిగానండి బాబూ. వాసన కూడా లేదండి" అన్నాడు.

"వాసన పోతే పోయిందయ్యా, విషం పోయిందని నీకెవరు చెప్పారు? అతుకుల్లో జిగురులా పట్టి ఉంటుంది. నీళ్లు తగిలితే కరుగుతుంది. గాయం మీద పడితే నెత్తురులోకే పోతుంది." ఆయన సూది పక్కన పెట్టి తలెత్తారు. "ఈ డబ్బాలు ఇంకెవరైనా కట్టుకున్నారా?"

ఇంకెవరైనానా? పేట పిల్లలంతా! ఆడిస్తూ ఉండమని దానయ్యే చెప్పి మరీ వచ్చాడు.

మంచం మీద కన్నబిడ్డ ఎగశ్వాస తీస్తోంది. ఆదెమ్మ అతని చొక్కా పట్టుకుంది. "నన్నొదిలేసి పోమాకయ్యా, దీనికేమన్నా అయితే నేనేం చెయ్యను?" అంది. దానయ్య ఆ చేతిని విడిపించుకున్నాడు. "మన పిల్లకి డాక్టరుగారున్నారే. వాళ్లకెవరున్నారు?" అని ఏడుస్తూనే బయటకు పరుగెత్తాడు. కాంపౌండరు సైకిలు తీసుకుని ఎర్రటి ఎండలో తొక్కాడు. దారి పొడుగునా "ప్రభువా, ప్రభువా" అన్న మాట తప్ప అతని నోట ఇంకోటి లేదు.

ఇసుక మీద పాటలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. దానయ్య సైకిలు విసిరేసి, గట్టున ఉన్న ముంజల కత్తి అందుకుని, చొక్కాతోనే నీళ్లలోకి దూకి తాళ్లు తెగకోయసాగాడు. పిల్లలు జడుసుకుని గోలపెట్టారు. అతని తోటి కూలీ ఆదాం పరుగున వచ్చి రెక్క పట్టుకు లాగాడు.

"ఒరేయ్, నీకేమన్నా పిచ్చెక్కిందా? పిల్లల మీద కత్తేంట్రా?"

"విషంరా ఆదామూ! డబ్బాల్లో విషముంది. నీ కొడుకేడిరా? ఏసోబేడీ?"

"ఆడాడి అలిసిపోయాడు. అదుగో, తడిక నీడలో నిద్రపోతన్నాడు."

ఏసోబు నిద్రపోవడం లేదు. డబ్బాలు వీపుననే ఉన్నాయి. పెదవుల మీద నురగ అప్పటికే ఆరిపోయింది.

మిగిలిన పిల్లల్ని బళ్ల మీదా ట్రాక్టరు మీదా ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు గారు కునుకు తీయకుండా పనిచేశారు. వాళ్లంతా బతికారు. రెబ్కా మర్నాడు కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఏసోబు ఒక్కడే దక్కలేదు.

సమాధుల దొడ్లో పేటంతా నిలబడింది. చెంచురామయ్య గారు కూడా వచ్చి దూరంగా నిలుచున్నారు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, "అంతా ప్రభువు చిత్తం" అన్నారు. జనం "ఆమెన్" అనబోయారు.

"ఆ మాట అనకండయ్యగారూ!" అన్నాడు దానయ్య. అందరూ అతని వైపు తిరిగారు. "పసిబిడ్డ వీపుకి విషం కట్టమని ఏ ప్రభువూ చెప్పలేదు. నేను కట్టాను. ఈ చేతుల్తోనే కట్టాను. పారెయ్యాల్సింది ఆసామి దానమిచ్చాడు, పాతిపెట్టాల్సింది నేను ఇంటికి తెచ్చుకున్నాను. కొట్టేవాడికి ఒక్క ముక్కైనా చెప్పకుండా షాపులవాళ్లు మందు అమ్ముకున్నారు. ఇంతమంది చేసిన పాపాన్ని దేవుడి నెత్తిన రుద్దితే ఈ బిడ్డ మనల్ని క్షమించడు."

చెంచురామయ్య గారు తలదించుకున్నారు. ఆదాం దొడ్డిలోంచి వెళ్లిపోయాడు. కొడుకును చంపినవాడి మొహం చూడలేక వెళ్లిపోయాడనుకున్నారంతా. దానయ్య కూడా అలాగే అనుకుని అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

ఆదాం తిరిగి వచ్చాడు. ఒక చేతిలో తన గుడిసెలో మంచినీళ్లు పోసుకునే డబ్బా, ఇంకో చేతిలో గడ్డపార. డబ్బాను దానయ్య ముందు పడేసి, గడ్డపార అతని చేతికిచ్చాడు. "పొడవరా" అన్నాడు. "నాకు ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. పొడవరా దానయ్యా!"

దానయ్య పొడిచాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోయి ఉప్పు డబ్బాలూ కిరసనాయిలు డబ్బాలూ ఒంపి తీసుకొచ్చారు. ఊరికీ చెరువుకూ దూరంగా మెరక నేలలో లోతైన గొయ్యి తవ్వి, చిల్లులు పొడిచిన డబ్బాలన్నీ అందులో వేసి పూడ్చారు.

మట్టి కప్పడం అయ్యాక దానయ్య జనం వైపు తిరిగి చెప్పిన మాట ఇది. చదివే ప్రతి తల్లీ తండ్రీ గుర్తుపెట్టుకోండి: "విషం పోసిన డబ్బా ఎన్నిసార్లు కడిగినా విషం డబ్బాయే. దానికి చిల్లు పొడిచి మట్టిలో పాతండి, లేకపోతే మీ బిడ్డల్ని పాతాల్సొస్తుంది."