డుం మేస్త్రి ప్రేమపాట

తాళాలు బాగుచేసే మేస్త్రికి పాటల బృందంలో పదకొండేళ్ళుగా ఒకటే పని, డుం డుం అనడం. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది కాబట్టి మాటలు మిగతా ముగ్గురికీ, డుం ఈయనకీ. ఇన్నేళ్ళలో ఒక్క చరణమైనా నేర్చుకున్నాడా అంటే, అబ్బే! అందుకే ఊరందరికీ ఆయన డుం మేస్త్రి.

ప్రేమికుల రోజున ఈ నలుగురూ ఎర్ర టైలు కట్టుకుని, డబ్బు కట్టినవాళ్ళ తరఫున ఇళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళి ప్రేమపాట పాడి వస్తారు. ఆ డబ్బుతో గ్రంథాలయం పైకప్పు బాగుచేయిస్తారు. ఈసారి మేస్త్రి కూడా డబ్బు కట్టి ఒక పాటకి చీటీ రాయించాడు. ఎవరికనుకున్నారు? సొంత పెళ్ళానికే.

ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు ప్రకటిస్తుంది. ఏదైనా రెండుసార్లు చెప్పాలని అక్కడి నియమం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పోయిన వారం భోజనం దగ్గర, "ఇరవై రెండేళ్ళయింది. నేనంటే ఇష్టమని ఒక్కసారి అన్నారా? ఒక్కసారి అన్నారా?" అని ముఖం తిప్పుకుంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. పాపం, మేస్త్రికి ఆవిడంటే ప్రాణం. నోరే పెగలదు. ఆ మాటేదో పాటలో, బృందంలో ముందు ఎత్తుకునే మందుల షాపాయన చెప్పేస్తే తన గండం గడుస్తుందనుకున్నాడు.

మందుల షాపాయన పొద్దున్నుంచి పంతొమ్మిది చోట్ల పాడాడు. ఇరవయ్యోది బస్టాండు. ఆవిడ కూర్చునే కౌంటరు అద్దం ముందు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఊరందరికీ గొంతు మాత్రలు అమ్మే మనిషి! ఆయన ఎత్తుకోనిదే బృందంలో మిగతా ఇద్దరికీ, అంటే టైలరుకీ, డ్రిల్లు మాస్టారుకీ ఒక్క ముక్క గుర్తురాదు. ఇక మిగిలింది మేస్త్రి. చెమటలు కక్కుతూ మూడు చరణాలూ డుమ్ములతోనే లాగించాడు. టికెట్ల వరసలో జనం పడీపడీ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. "ఎవరు పంపారీ పాట?"

"నేనే."

"మరి మాటలేవి?"

ఊళ్ళో ఎవరి తాళం బిగుసుకుపోయినా క్షణంలో తీసే మనిషి, తన నోరు తీయడానికి అరనిమిషం తంటాలు పడ్డాడు. టైలరు వెనకనుంచి పొడిచాడు. చివరికి ఎవరికీ వినపడకూడదని అద్దంలోని కంత దగ్గరికి వంగాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. నువ్వు డ్యూటీకెళ్తే ఇల్లు బావురుమంటుంది. పనేం లేకపోయినా ఇటువైపే తిరుగుతుంటాను, నీ గొంతు వినపడుతుందని."

ఆవిడ వేలు మైకు మీట మీద ఉండటం ఆయన చూసుకోలేదు. ఆ నూతి గొంతు పదమూడు ప్లాట్‌ఫారాల్లోనూ మోగింది. బస్సులెక్కేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మేస్త్రి చెవులు టైకంటే ఎర్రబడ్డాయి.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మీట మీంచి వేలు మాత్రం తీయలేదు.

"ఇక్కడి నియమం తెలుసుగా," అంది. "ఇంకోసారి చెప్పండి."