లెక్క అడగని ఫోను

మల్లిక ఒకటి నొక్కి ఆగింది. "మీరు గొర్రెలు, మేకల విభాగాన్ని ఎంచుకున్నారు" అంది ఫోన్లో ఆడగొంతు. ఆ గొంతుకు జలుబు చేయదు, ఆకలి వేయదు. పొద్దున్నుంచి అదే హుషారు. మల్లికకు మాత్రం బొటనవేలు నొప్పి పుడుతోంది. ముందున్న కాగితంలో ముప్పై ఒకటో వరుసలో టిక్కు పెట్టి, ఫోను కట్ చేసి, మళ్ళీ మొదటినుంచి నొక్కడం మొదలుపెట్టింది. కొత్త ఫోను పద్ధతికి మొత్తం నలభై పరీక్షలు. రెండు నొక్కితే కాల్ బర్రెల డాక్టరుకు పోవాలి. ఏమీ నొక్కకపోతే మూడుసార్లు అడిగి దానంతట అదే పెట్టేయాలి. మోమిన్‌పేట్ నుంచి చేస్తే వికారాబాద్ వ్యానుకు, తాండూరు వైపు నుంచి చేస్తే తాండూరు వ్యానుకు వెళ్ళాలి.

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో, ఎరువుల దుకాణం మీది గది అది. పశువుల వైద్యానికి వ్యాన్లు నడిపే ఒక ప్రైవేటు సంస్థది. పద్నాలుగేళ్ళుగా మల్లిక అక్కడ ఫోనెత్తుతోంది. నిన్నమొన్నటిదాకా ముగ్గురు ఆడవాళ్ళుండేవారు, పోయిన నెల ఇద్దర్ని మాన్పించారు. రేపు ఉదయం ఆరింటికి కొత్త సర్వీసు మొదలవుతుంది. ఇక ఫోన్లన్నీ తీగల్లో కాకుండా ఎక్కడో ఉన్న కంప్యూటర్ల గుండా వస్తాయట. ఈ సంగతి విన్నప్పుడు ఆమె భర్త జంగప్ప "అది దగ్గు గిట్ల దగ్గదు గద, మంచిదే" అని నవ్వబోయి తనే దగ్గుతో వంగిపోయాడు. తాండూరు బండల పాలిషింగులో ఇరవై ఏళ్ళు పీల్చిన దుమ్ము అతని గుండెల్లో ఉండిపోయింది. మల్లిక జీతం ఆగిన నెల అతని మందు కూడా ఆగుతుంది. "టెస్టింగ్ సాఫీగా అయిపోతే మీరే సూపర్‌వైజర్" అని మేనేజరు నవీన్‌కుమార్ మాటిచ్చాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే ఇది. కానీ బాగా నరికితే చెట్టు మొదలు దగ్గర కూర్చోనిస్తామంటున్నారు. ఆమె బాగానే నరుకుతోంది.

ఒక్క పదిహేడో వరుస దగ్గరే ఆమె చెయ్యి ఆగింది, అది కూడా నిన్న. అక్కడ ఆడగొంతు "మీ మందలో ఎన్ని గొర్రెలున్నాయో అంకెలు నొక్కండి" అంటుంది. మల్లిక పుట్టింది గొర్లకాపరుల ఇంట్లో. మంద లెక్క నోటితో చెప్పకూడదు, వేలితో చూపకూడదు. చెబితే దిష్టి తగిలి మంద తరిగిపోతుందంటారు. అందుకే ఈ పద్నాలుగేళ్ళలో ఆమె ఎవరినీ ఎన్ని గొర్రెలని అడగలేదు. "ఎన్ని సీసలు పంపాలె కాకా?" అనేది. సీసా మందు పది గొర్రెలకు వస్తుంది. వాళ్ళు నాలుగంటే నాలుగు, రెండంటే రెండు. లెక్క తెలిసేది, ఎవరూ లెక్క పెట్టినట్టుండేది కాదు.

నిన్న ఆ మాటే నవీన్‌కుమార్‌తో అంది. "సార్, మందలోళ్ళు గీ లెక్క నొక్కరు. గాడనే పెట్టేస్తరు."

"నొక్కితే ముందుకెళ్తోందా, లేదా?"

"నొక్కితే పోతది సార్."

"అయితే పాసే కదా, మల్లిక గారూ."

ఆమె టిక్కు పెట్టింది. జంగప్ప మందు గుర్తొచ్చి పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. పరీక్ష కోసం పదిమంది కాపరులకు కొత్త నంబరు ఇమ్మంటే ఇచ్చింది. వాళ్ళలో కాగ్నా వాగు అవతల మంద నిలిపే దేవప్ప ఒకడు. ఎప్పుడు చేసినా నాలుగు సీసాలు అడుగుతాడు. ఏడేళ్ళ కింద ఒకసారి, ఫోనెత్తే మనిషెవరో చూసిపోదామని తాండూరు నుంచి రైలెక్కి వచ్చాడు. బల్ల మీద ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, గొంగడి అంచులోంచి నల్ల నూలు పీకి దాని తీగకు ముడివేశాడు. "దిష్టి తాకొద్దు బిడ్డా. మస్తుమంది పానాలున్నయి దీంట్ల" అన్నాడు. నిన్న సాయంత్రం అతనికే ఫోన్ చేసి, "పాత నంబరు బందైతది కాకా, ఇగ దానికి చెయ్యకు" అని గట్టిగా చెప్పింది.

పదకొండున్నరకు నలభయ్యో పరీక్ష మిగిలింది. వచ్చిన కాల్స్ అన్నీ కంప్యూటర్లో సరిగా పడుతున్నాయో లేదో చూడాలి. పడ్డాయి. తాండూరు వైపు నుంచి ఒకే నంబరు, ఐదుసార్లు. మొదటిది ఐదూ యాభైకి. ప్రతిసారీ నలభై ఎనిమిది సెకన్లు, పక్కన "మధ్యలో ముగిసింది" అని. ఆ నలభై ఎనిమిదో సెకను దగ్గర ఏముందో ఆమెకు చూడకుండానే తెలుసు. ఎడమచేత్తో పాత ఫోను దగ్గరికి లాక్కుని ఆ నంబరు తిప్పింది.

దేవప్ప భార్య శంకరమ్మ ఎత్తింది.

"అవ్వా, నేను మల్లికను. కాక ఏడి?"

"గుంత తవ్వుతున్నడు."

శంకరమ్మే చెప్పింది. "వానకు మొలిచిన గడ్డి మేసినయి. పొద్దుగాల లేసి సూస్తే ఒక్కొక్కటే కొట్టుకుంటున్నయి. చిటుకు రోగం. కాక ఫోన్ జేసిండు. గామె లెక్క అడిగె. పెట్టేసిండు. మల్ల జేసిండు. నువ్వెత్తుతవేమో అని సూసిండు బిడ్డా."

"పాత నంబరుకు చెయ్యకపోయిన్రా అవ్వా?"

"నువ్వే వద్దంటివి గద."

ఆరింటికే వ్యాను బయల్దేరి ఉంటే పడినవాటిని లేపలేకపోయినా, నిలబడినవాటిని సూదులతో దక్కించేవారు. మల్లికకు అది తెలుసు. శంకరమ్మకూ తెలుసు. ఆమె కోపంగా మాట్లాడినా బాగుండేది.

"ముప్పై" అంది శంకరమ్మ. "సచ్చినవాటికి లెక్క జెప్పచ్చు. దిష్టి లేదు."

"వ్యానును ఇప్పుడే పంపుత" అని, మల్లిక తనకు అలవాటైన మాటే అడిగింది. "ఎన్ని సీసలు పంపాలె అవ్వా?"

అవతల మట్టిలో పార దిగుతున్న చప్పుడు వినిపించింది.

"ఒక్కటి సాలు."

తాండూరు వ్యాను డ్రైవరు యాదగిరికి చోటు చెప్పి పంపాక, మల్లిక పదిహేడో వరుసలో టిక్కును కొట్టేసి పక్కన 'ఫెయిల్' అని రాసింది. కాగితం తీసుకెళ్ళి నవీన్‌కుమార్ ముందు పెట్టింది.

"ఇప్పుడా? పొద్దున్నే ఓనర్ వస్తున్నారు, మల్లిక గారూ."

"నిన్ననే రాయాల్సింది సార్. భయపడి రాయలే."

అతను చెడ్డవాడేం కాదు. విషయం విని ఒక నిమిషం నుదురు రుద్దుకున్నాడు. తర్వాత కొత్త కాగితం తీసి, నలభై వరుసల్లోనూ తనే టిక్కులు పెట్టి, తనే సంతకం చేశాడు. "మీరు ఇంటికెళ్ళండి. అవసరమైతే మేమే ఫోన్ చేస్తాం" అన్నాడు తల ఎత్తకుండా. ఎవరు, ఎవరికి, ఏ నంబరుకు చేస్తారని ఆమె అడగలేదు. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. జంగప్పకు ఏం చెప్పాలన్న దిగులు ఉంది. కానీ దానికంటే పెద్ద సిగ్గు ఆమెను నడిపించింది. ఇంటి వైపు తిరగలేదు. స్టేషన్లో తాండూరు రైలుకు టికెట్టు కొనుక్కుంది. గుంత పూడ్చేలోగా చేరాలి.

నాలుగింటికి నవీన్‌కుమార్ గోడ దగ్గర ప్లగ్గు పీకి పాత ఫోనును అట్టపెట్టెలో వేశాడు. బోర్లాపడ్డ రిసీవరు తీగకు నల్ల గొంగడి నూలు ముడి ఇంకా బిగువుగానే ఉంది.