మారే ఖర్చు

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఆమె ఒక్క విదిలింపు విదిలించేసరికి, అవతలి కొసలు పట్టుకున్న ఇస్త్రీ మేస్త్రి భుజాలు అదిరాయి. ఆసుపత్రి లాండ్రీకి సూపర్‌వైజరు అయ్యాక దుప్పట్లు మడతపెట్టాల్సిన అవసరం ఆమెకు లేదు. అయినా పొద్దున్నే నాలుగు మడిస్తే గాని ఆమెకు పని మొదలైనట్టుండదు. నీళ్లలో నాని పాలిపోయిన వేళ్లు, సోడా తినేసిన గోళ్లు, కాస్త వంగిన నడుము. దారిలో ఎవరైనా ఒకసారి చూస్తే రెండోసారి చూడరు.

"అక్కా, ఇవాళ మీటింగులో మన సంగతి తేల్చేస్తారంటగా?" అన్నాడు మేస్త్రి.

"తేల్చనీ. లెక్క నా దగ్గరుంది."

మెషీన్ల దగ్గర ఆడవాళ్లు చెవులు రిక్కించారు. ఉతుకుడు పని బయటి కంపెనీకి ఇచ్చేస్తే చవకని ఎకౌంట్స్ వాళ్లు కాగితం పెట్టారు. అదే జరిగితే ఈ గదిలో అందరూ రోడ్డున పడతారు.

ఇంతకుముందు ఆసుపత్రిలో కుట్టు విభాగం అలాగే పోయింది మరి. ఆ మీటింగులో ఈమె కూడా కూర్చుంది. ఓవర్‌హెడ్డు అన్నారు, తరుగుదల అన్నారు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అడుగుదామంటే ఏమడగాలో తెలియలేదు. కుట్టుపనివాళ్లు కళ్లు తుడుచుకుంటూ గేటు దాటుతుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. దూరవిద్యలో ఎప్పుడో సంపాదించిన డిగ్రీ పట్టా బీరువాలోంచి తీసి, యాభై దాటిన వయసులో సాయంకాలం పీజీలో చేరింది. వ్యాపార నిర్ణయాలకు ఎకౌంటింగ్ అని మొదటి సెమిస్టరులోనే ఒక పేపరు. క్లాసులో పిల్లలు ఆంటీ అంటే అననిచ్చింది గాని, ముందు బెంచీ మాత్రం ఎవరికీ వదల్లేదు.

లాండ్రీనే ప్రాజెక్టుగా రాసింది. పెద్ద మెషీన్‌కు పోసిన డబ్బంతా ముందు పేజీలోనే పెట్టి, ఇంత పోసి కొన్నది ఎలా మూస్తారని నిలదీసింది. తన కూతురికన్నా చిన్నదైన లెక్చరరు అది చదివి నవ్వింది.

"ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయిందండీ. మూసినా తిరిగి రాదు, ఉంచినా రాదు. మీ నిర్ణయంతో ఏది మారుతుందో అదొక్కటే రాయండి."

ఆ మాట ఆమెను పట్టుకుంది. మెషీన్ ఖరీదు కొట్టేసింది. లాండ్రీ మూసినా తప్పేది కాదని, దాని నెత్తిన వేసిన బిల్డింగు ఖర్చూ కొట్టేసింది. సబ్బు, కరెంటు, జీతాలు ఉంచింది. ఎన్నిసార్లు కూడినా బయటి కంపెనీయే పిసరంత చవక. అంత దగ్గరికొచ్చి ఓడిపోవడమా అని ఉక్రోషం ముంచుకొచ్చింది. అప్పుడు జీతాల్లో అన్నిటికన్నా పైనున్న అంకె మీద కన్ను పడింది. సూపర్‌వైజరు జీతం. అది తీసేస్తే, మేస్త్రికి కాస్త పెంచి ఆ పని అప్పగించినా, లాండ్రీయే చవక. మేస్త్రికి పనంతా తనే నేర్పింది కూడా.

వారం రోజులు ఆ అంకెను చూడనట్టే తిరిగింది. చివరికి మనసు గట్టి చేసుకుని కొట్టేసింది.

ఆ రోజు మీటింగులో సూపరింటెండెంటు ఆమె కాగితం చదివి కళ్లజోడు తీశారు.

"మీ జీతం పొరపాటున కొట్టేశారామ్మా?"

"లేదండీ. ఆలోచించే కొట్టేశాను."

"పోనీలెండి, మిమ్మల్ని స్టోర్సులో వేసుకుంటాం."

ఆశ పుట్టలేదంటే అబద్ధమే. మంచినీళ్లు ఒక గుక్క తాగి చెప్పింది.

"నన్ను స్టోర్సులో కూర్చోబెడితే ఆ ఖర్చు ఎక్కడికీ పోదండీ. పక్క గదిలోకి మారుతుంది, అంతే. అప్పుడు నా లెక్క తప్పవుతుంది."

ఎకౌంట్స్ ఆఫీసరు కాగితం తనవైపు జరుపుకుని పైనుంచి కిందదాకా చూశాడు. "లెక్క సరిగ్గా ఉంది సార్. లాండ్రీ ఉంచడమే మంచిది" అన్నాడు. ఆమెకు ఛాతీ పొంగిపోయింది. ఉద్యోగం పోయిందన్న సంగతి మెట్లు దిగేదాకా గుర్తే రాలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర చెబితే భర్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఉన్న ఉద్యోగానికి ఎసరు పెట్టుకోడానికా అంత ఫీజు కట్టావు?"

"అవునండీ. మార్కులు కూడా బాగానే వస్తాయి."

ఆయనకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అందరి కొంపా నిలబెట్టావే" అన్నాడు.

నెల తిరిగేసరికి ఆమె వెళ్లిపోయింది. సన్మానం చేస్తామంటే పని చెడుతుందని వద్దంది. రోజూ చెప్పినట్టే "వస్తా" అని చెప్పి గేటు దాటింది. మర్నాడు పొద్దున మెషీన్లన్నీ ఎప్పటిలాగే తిరిగాయి. తలుపు వెనక కొక్కేనికి ఆమె నీలం ఏప్రను ఉంది. మేస్త్రి దాన్ని ఉతికించి, గంజి పెట్టి, తన చేత్తో ఇస్త్రీ చేసి తగిలించాడు. పెద్ద మెషీన్ జోరుగా తిరిగినప్పుడల్లా దాని నాడాలు మెల్లగా కదులుతున్నాయి.