లిఫ్టు ఎదుటి కెమెరా

కెమెరాలు బిగించే పనిలో ఆమెకు పదకొండేళ్ల అనుభవం. చుట్టుపక్కల దుకాణాలవాళ్లందరూ కెమెరా అక్క అనే పిలుస్తారు. ఆమెకు మొదటి పని ఇచ్చింది సొంత మేనమామే. తన ఫర్నిచర్ గోదాములో ఎనిమిది కెమెరాలు పెట్టించి, తెలిసినవాళ్లందరికీ చెప్పి, ఆమెను నిలబెట్టాడు.

ఒక మంగళవారం ఉదయం ఆయన ఫోన్ చేసి రమ్మన్నాడు. అంతకు మూడు రోజుల ముందు, శనివారం, సరుకుల లిఫ్టులో ఒక ప్యాకర్ కుడిచెయ్యి నలిగింది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

మామయ్య ఆఫీసు తలుపు దగ్గరగా వేసి రికార్డరు వైపు చూపించాడు.

"శనివారం మధ్యాహ్నం ఒక అరగంట తీసెయ్యమ్మా. నీకు చిటికెలో పని."

ఆమె ముందు ఆ అరగంట చూసింది. తలుపు పూర్తిగా పడకుండానే లిఫ్టు కదిలింది. ఆ క్షణంలో ప్యాకర్ ఎవరితోనో నవ్వుతూ పక్కకు తిరిగి ఉన్నాడు. చెయ్యి మాత్రం లోపలి పెట్టె మీద ఉంది. రెండుసార్లు చూసింది. మూడోసారి చూడలేకపోయింది.

"తీయను మామయ్యా."

"వాడు అటు తిరిగి కబుర్లు చెబుతున్నాడు, చూశావుగా."

"చూశాను. తలుపు కూడా చూశాను."

ఆయన కోప్పడలేదు. "సరే, తీయొద్దు. పదిహేను రోజులకి పాతది దానంతటదే చెరిగిపోతుందన్నావు కదా. ఇంకో పన్నెండు రోజులు ఊరికే కూర్చో. కర్ర విరక్కుండా పాము చస్తుంది."

 ఆయన చూస్తుండగానే ఆమె రికార్డరులో ఆ అరగంట చెరిగిపోకుండా తాళం పెట్టింది. "కావాలంటే మీరే తీసెయ్యండి. ఎవరు తీశారో కూడా రికార్డవుతుంది," అంది.

సాయంత్రం తల్లికి చెప్పింది. తల్లి దుప్పటి మడత పెడుతూ, "దారి చూపించినవాడే మీ మామయ్య. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందంటారు," అంది.

"ఆ వేళ్లు నావైతే?"

"నీవైతే ఆ లిఫ్టు నేనే పగలగొడతాను. అయినా వాడు నా తమ్ముడే."

రెండు రోజులకు ప్యాకర్ భార్య ఆమె కెమెరాల దుకాణానికి వచ్చింది. "ఒక్కసారి చూపించక్కా," అని అడిగింది.

"అది నాది కాదమ్మా, ఇస్తే తప్పవుతుంది. కార్మిక అధికారికి కాగితం పెట్టు. ఆయన అడిగితే ఎవరైనా ఇవ్వాల్సిందే. ఆలస్యం చెయ్యకు."

ప్యాకర్ భార్య మర్నాడే కాగితం పెట్టింది. వారం తిరక్కుండా అధికారి గోదాముకు వచ్చాడు. తాళం అలాగే ఉంది. అంతా చూశాక, రికార్డు చూపించడానికి పిలిపించిన కెమెరా అక్కను అడిగాడు.

"దీన్ని తీసెయ్యమని ఎవరైనా చెప్పారా?"

మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"చెప్పారు," అంది. ఎవరని అధికారి అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. 

తప్పు లిఫ్టుదేనని తేలింది. ప్యాకర్ ఏమరుపాటు గురించి కూడా ఒక వాక్యం రాశారు. కొత్త తలుపు పెట్టేదాకా లిఫ్టు నడపొద్దన్నారు. మామయ్య కెమెరాల పని వేరేవాళ్లకు ఇచ్చాడు. ఆయన మాట మీద వచ్చిన మరో ముగ్గురు కూడా ఆమెకు పని ఇవ్వడం మానుకున్నారు. ఆదివారాలు తన అక్కను చూడటానికి వస్తూనే ఉన్నాడు కానీ, మేనకోడలు గదిలోకి వస్తే పేపరు తిరగేస్తాడు.

ప్యాకర్‌కు గేటు దగ్గర వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసే పని ఇచ్చారు. ఎడమచేత్తో రాస్తున్నాడు. అంకెలు బాగానే వస్తున్నాయని, అక్షరాలే ఇంకా వంకర పోతున్నాయని అతని భార్య చెప్పింది.