మట్టి కప్పిన నిప్పు

నాకెప్పుడూ చెడే ముందు తోస్తుంది. అమ్మాయి తేనెపెట్టెల దగ్గరికి వెళ్తే ఈగలు కుడతాయని, కొండవాలు ఎక్కితే పాము కరుస్తుందని భయం.

"నీ నోట మంచి మాటే రాదా అమ్మా?" అని నవ్వేది.

మాది బొగ్గు కాల్చే ఇల్లు. బట్టీ పొగకే ఊపిరితిత్తులు పాడై మా ఆయన చనిపోయాడు. ఆ తర్వాత ఊరి అడవి సంఘం వాళ్లు బోడి కొండవాలు మీద మొక్కలు నాటి, అమ్మాయిని కాపలా పెట్టారు. జీతానికి బదులు పన్నెండు తేనెపెట్టెలు. వాలు కాలితే పెట్టెలు వెనక్కి ఇవ్వాలి. అప్పుడిక దానికి మిగిలేది బట్టీయే. మూడేళ్లలో మొక్కలు నా భుజం దాటాయి.

ఆ వారం దానికి జ్వరం. తేనె తీయడానికి నేను వెళ్లాను. పొగడబ్బాతో ఈగల్ని తోలి, పని ముగిశాక డబ్బాలోని నిప్పులు గోతిలో పోసి, మట్టి కప్పి కాలితో అణిచాను. ముప్పై ఏళ్ల అలవాటు. బట్టీ మీద మట్టి కప్పేది నిప్పు చావడానికి కాదు, నిదానంగా బతకడానికి. అది నాకు తెలియక కాదు, చేతులు ఆగలేదు. పక్కనే బిందె నిండా నీళ్లున్నాయి.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం నిప్పు ఎండువేళ్ల వెంట పాకి వాలంతా అంటుకుంది. జ్వరంతోనే పరిగెత్తింది నా తల్లి. సాయంత్రం కనుబొమలు కాలి తిరిగొచ్చింది. నలభై వరసల్లో ఆరు మిగిలాయి.

మర్నాడు సంఘం కూర్చుంది.

"కాపలా పిల్ల చలి కాచుకుందేమో!" అన్నాడు బట్టీ నడిపే బొగ్గు మేస్త్రి.

"ఈ ఎండల్లో చలేంటి మావయ్యా, నీకూ జ్వరమా?" అంది ఒకావిడ.

అమ్మాయి లేచి, "తప్పు నాదే" అంది. నేను లేవబోతే చెయ్యి పట్టి లాగింది. విదిలించుకున్నాను.

"ఆ వారమంతా అది మంచంలో ఉంది. గోతిలో నిప్పు పోసింది నేను. దాని పెట్టెలు దానికుంచండి."

"చెప్పావు, మంచిదే చెల్లీ" అంది సంఘం పెద్ద టీచరమ్మ. "కానీ ఈసారి వదిలేస్తే రేపు ఇంకొకరి అమ్మ వస్తుంది." పెట్టెలు సాయంత్రానికే బండెక్కాయి.

ఆ ఆరు వరసలకు నీళ్లు మోస్తానంది అమ్మాయి. జీతం లేకుండా, ఊరికేనే.

తెల్లారి నేను బట్టీ దగ్గర నిలబడ్డాను.

"ఈ వయసులో నువ్వేం చేస్తావు పిన్నీ? పిల్లను పంపు" అన్నాడు మేస్త్రి.

"దానికి ఖాళీ లేదు. మొక్కలున్నాయి" అని పార అందుకున్నాను.