నేల మీద కత్తి

...ఇంతకాలం దాస్తే అది దాచినట్టు కాక ఒంట్లో అవయవమైపోతుంది, ఇక దాన్ని బయటపెట్టమంటే చర్మం ఒలిచి చూపించమన్నట్టే, అనుకుంటోంది ఎనెయిదా. చేతులు చుట్ట చుడుతూనే ఉన్నాయి. ఆకు మీద ఆకు, అరచేతి కింద దొర్లింపు, నెలవంకలాంటి కత్తితో అంచు కోత. మధ్యమధ్య ఎడమచేయి తనంతట తాను చొక్కా పైగుండీ దాకా వెళ్ళి వస్తోంది. గుండీ కింద ఓచున్ అమ్మవారి పసుపు పూసలు. పార్టీలో చేరిన నాటి నుంచి ఆ గుండీ విప్పలేదు.

దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్ళూ కమ్యూనిస్టు పార్టీలో ఉండవచ్చని పోయిన ఏడాది మహాసభ తీర్మానించింది. హవానాలోని ఈ చుట్టల ఫ్యాక్టరీలో పనివాళ్ళకు పత్రిక చదివి వినిపించే మనిషి ఆ వార్త చదవగానే అందరూ కత్తులు బల్లకేసి కొట్టారు. ఇక్కడ మెచ్చుకోలంటే అదే. నచ్చకపోతే కత్తిని నేల మీద పడేస్తారు. ఎనెయిదా కూడా బల్ల కొట్టింది. గుండీ మాత్రం విప్పలేదు.

ఇప్పుడు ఆ బల్లల దగ్గరే కార్మికుల సభ జరుగుతోంది. డైరెక్టర్ ఆర్సెనియో ముందు ముసలి ఎవరిస్తో నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు అతను ఇదే హాల్లో చుట్టలు చుట్టేవాడు. అమ్మవారి దీక్ష తీసుకుని తెల్లబట్టల్లో పనికి వచ్చినందుకు ఆర్సెనియోనే అతన్ని కిందిగదికి, ఆకుల ఈనెలు తీసే పనికి తోసేశాడు.

"గురువారం విదేశీ కొనుగోలుదార్లు వస్తున్నారు కామ్రేడ్స్. మన ఎవరిస్తో తెల్లబట్టలు కట్టుకుని డోలు వాయిస్తాడు. మన సంస్కృతి. సభ ఆమోదం కావాలి."

"అది దేవతల్ని పిలిచే డోలు," అన్నాడు ఎవరిస్తో. "ఊరికే పిలవకూడదు."

"కాసేపే పెద్దాయనా."

"ఓచున్ అమ్మ టైముకి రావాలంటే ముందు ఈ ఊళ్ళో బస్సు రావాలి గదా," అంది పక్కబల్ల మిగ్దాలియా. హాలంతా నవ్వింది.

ఆర్సెనియో నవ్వలేదు. "మొండికేస్తే కిందిగదిలో కూడా చోటుండదు. క్రమశిక్షణ."

"అప్పుడు విప్పమన్నారు. ఇప్పుడు కట్టమంటున్నారు. మధ్యలో ఈ ఒళ్ళు నాదెప్పుడైంది కామ్రేడ్?" అన్నాడు ఎవరిస్తో.

మిగ్దాలియా లేచింది. "ఇది ఆయనొక్కడి సంగతి కాదు. ఇవాళ ఆయన దేవత, రేపు మన నడుములు. కొనేవాళ్ళు చూస్తామంటే చూపించడమేనా? ఇందుకేనా మన అమ్మలూ నాన్నలూ యజమాని చేతిలోంచి ఈ ఫ్యాక్టరీ గుంజుకుంది?"

ఆమె కత్తి నేల మీద పడింది. వెనక వరసలో ఇంకొకటి. తర్వాత ఏ కత్తి ఎవరిదో తెలియలేదు.

ఆర్సెనియో చూపు ఎనెయిదా దగ్గర ఆగింది. "పార్టీ సభ్యురాలివి, నువ్వు చెప్పు. ఒక్కసారి బల్ల కొట్టు. పార్టీ శ్రేణులు ఆమోదించాయని పైకి పంపిస్తాను."

కొడితే ఎవరిస్తో వీధిలో పడతాడు, లేదా గురువారం కోతిలా ఆడతాడు. పడేస్తే కిందిగదిలో తన చోటు సిద్ధం. పూసల సంగతి తెలిస్తే, మరీ మంచిది, నువ్వూ ఆడు అంటాడు. ఎటు తిరిగినా అదే గోడ.

"ఏమే," మిగ్దాలియా గుసగుసలాడింది, "నీ మెడలో ఏముందో మాకు తెలీదనుకున్నావా? ఇంత ఉక్కలో మెడదాకా బిగించుకునేది ఈ ఫ్యాక్టరీ మొత్తానికి నువ్వొక్కదానివే."

అయితే అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కరూ ఆర్సెనియో చెవిన వెయ్యలేదు. ఇన్నేళ్ళూ తన రహస్యాన్ని తనొక్కతే కాపాడుకొస్తున్నానని అనుకుంది.

"ఊఁ, కొట్టు," అన్నాడు ఆర్సెనియో.

ఎడమచేయి అలవాటుగా గుండీ దాకా లేవబోయి, సగంలో ఆగి, బల్ల మీద వాలింది. ఎనెయిదా కత్తి పట్టుకున్న కుడిచేతిని బల్ల అంచు దాటించి, వేళ్ళు తెరిచింది.